మేనేజర్ ఉద్యోగం చేస్తూ డీబీఏ: చేరాలా, వద్దా?

పరవాడ_షిఫ్ట్:
నాకు 41 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో ఒక ప్లాంటులో ప్రొడక్షన్ మేనేజర్‌ని. ఒక ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ అబ్బాయి నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. ఉద్యోగం మానక్కర్లేదట, విదేశీ యూనివర్సిటీ డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అంటే మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్) వస్తుందట, ఫీజుకి లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. ముందుముందు కాలేజీలో పాఠాలు చెప్పాలని నా కోరిక. మా ఆవిడేమో బాబు ఇంటర్ ఫీజు ముందు చూడమంటోంది. ఏం చేయమంటారు?

కూకట్‌పల్లి_లెక్చరర్:
పాఠాలు చెప్పడానికైతే చేరకండి సర్. ఇలాంటి ఆన్‌లైన్ చదువుల (ఎడ్‌టెక్) కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే చెప్పాయి. ఆ తర్వాతి నెలలో వచ్చిన యూజీసీ నిబంధనల్లో పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి దారి ఉంది. కనీసం మూడేళ్లు పడుతుంది, మీ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఐఐఎం ఉంది. వాళ్ల నోటిఫికేషన్లు చూసుకోండి.

డల్లాస్_తెలుగు:
లెక్చరర్ గారూ, ఆ నోటీసు పీహెచ్‌డీల గురించి. డీబీఏ అంటేనే తక్కువ అనుకోవద్దు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు దశాబ్దాల పాటు ఇచ్చింది డీబీఏనే, 2018లో కదా దాన్ని పీహెచ్‌డీగా మార్చింది. సొంత పనిలోని సమస్య మీద పద్ధతిగా పరిశోధన చేయాలనుకునే మేనేజర్‌కి మంచి డీబీఏ నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఎవరు ఇస్తున్నారు, గైడ్ ఎవరు అన్నది చూడాలి.

ఆటోనగర్_బ్రాంచి:
ఇద్దరూ డిగ్రీ గురించే మాట్లాడుతున్నారు. నేను బ్యాంకు మేనేజర్‌గా చేస్తూ పీహెచ్‌డీ పూర్తి చేశాను, అయిదేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. చిన్న పరిశ్రమల అప్పులు ఎందుకు మొండిబకాయిలవుతున్నాయన్నది నా టాపిక్. రోజూ నా టేబుల్ మీదున్న ఫైళ్లే కదా అనుకున్నాను, తీరా హెడాఫీసు ఖాతాదారుల వివరాలు బయటికి ఇవ్వడానికి వీల్లేదంది, వాళ్లు చెప్పిందీ న్యాయమే, కానీ నాకు ఎనిమిది నెలలు వృథా అయ్యాయి. తర్వాత ఆదివారాలు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ తిరిగి 60 మంది యజమానులతో మాట్లాడాను. అప్పటిదాకా నేను బకాయిదారుల్ని చూసిన చూపు వేరు. పెద్ద కంపెనీలు బిల్లులు నెలల తరబడి ఆపితే వీళ్ల వాయిదాలు ఎలా తప్పుతాయో వాళ్ల పుస్తకాల్లో చూశాకే అర్థమైంది. అది ఏ కోర్సూ నేర్పలేదు. ఆ ఏళ్లలో మా అమ్మాయి చదువంతా మా ఆవిడే చూసుకుంది, అందుకే మీ ఇంట్లో మాట తీసేయకండి. ఇంతకీ తమ్ముడూ, నువ్వు పరిశోధన చేయాలనుకునే ప్రశ్న ఏంటి? డేటా ఎవరిస్తారు?

పరవాడ_షిఫ్ట్:
అన్నా, ఆ కంపెనీ అబ్బాయి ఇన్నిసార్లు మాట్లాడాడు కానీ ఈ మాట ఒక్కసారీ అడగలేదు. నా ప్రశ్నయితే ఉంది: ఆరు నెలలు ట్రైనింగ్ ఇచ్చిన ఆపరేటర్లు ఏడాది తిరక్కుండానే పక్క ప్లాంటుకి ఎందుకు వెళ్లిపోతున్నారు? జీతం ఒక్కటే కారణం కాదని నా అనుమానం. హాజరు, రాజీనామాల లెక్కలు వాడుకోనిస్తారా అని, ఎన్‌ఓసీ సంగతి కూడా సోమవారం ప్లాంట్ హెడ్‌ని అడుగుతాను. లోన్ వద్దని ఆ అబ్బాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.