బోస్నియా అధ్యక్ష మండలి: 2026లో క్రొయేట్ స్థానం ఎవరిది?

లెక్కలరాజు:
అక్టోబరు 4న బోస్నియా-హెర్జెగొవీనాలో ఎన్నికలు. అక్కడ దేశాధ్యక్షులు ముగ్గురు: ఒక బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), ఒక క్రొయేట్, ఒక సెర్బ్. 1995 డేటన్ ఒప్పందం చేసిన ఏర్పాటు ఇది. దేశంలో ప్రధానంగా రెండు స్వపరిపాలన ప్రాంతాలు: రిపబ్లికా స్రప్స్కా, ఫెడరేషన్. సెర్బ్ సభ్యుణ్ణి రిపబ్లికా స్రప్స్కా ఓటర్లు ఎన్నుకుంటారు, మిగతా ఇద్దరినీ ఫెడరేషన్ ఓటర్లు. ఫెడరేషన్ ఓటరుకు ఉన్నది ఒక్క ఓటే. దాన్ని బోస్నియాక్ జాబితాలో వేస్తారో, క్రొయేట్ జాబితాలో వేస్తారో వారి ఇష్టం. జాతి ఏదని ఎవరూ అడగరు.
ఇప్పటికి నాలుగుసార్లు (2006, 2010, 2018, 2022) క్రొయేట్ స్థానం గెలిచిన జెల్కో కోంషిచ్ ఈసారి నిలబడలేరు. వరసగా రెండు పదవీకాలాలకు మించి కుదరదు. కాబట్టి ప్రధాన క్రొయేట్ పార్టీ హెచ్‌డీజెడ్ గెలుస్తుందని నా అంచనా. 2014లోనూ కోంషిచ్ బరిలో లేరు, ఆ పార్టీ అధినేత డ్రాగన్ చోవిచ్ 1,28,053 ఓట్లతో గెలిచారు.

పాత మాస్టారు:
అంచనా దేనికండీ? 2013 జనాభా లెక్కల ప్రకారం ఫెడరేషన్‌లో బోస్నియాక్‌లు 70 శాతం, క్రొయేట్‌లు 22 శాతం. 70 శాతం వాళ్లు ఎవరిని కోరుకుంటే వాళ్లే క్రొయేట్ సభ్యుడు. ఇందులో లెక్క కట్టడానికి ఏముంది?

తుంగభద్ర:
మాస్టారూ, అదే నిజమైతే 2014లో చోవిచ్ ఎలా గెలిచారు? బోస్నియాక్‌లు అప్పుడూ 70 శాతమే కదా.
రాజుగారి అంచనాతోనూ నాకు పేచీ ఉంది. చూడాల్సింది జనాభాను కాదు, క్రొయేట్ జాబితాలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయన్నది. 2010లో సుమారు 5,56,000. 2014లో సుమారు 2,45,000. 2018లో సుమారు 4,28,000. 2022లో సుమారు 4,08,000. క్రొయేట్‌ల జనాభా నాలుగేళ్లలో సగానికి పడిపోయి మళ్లీ పెరగదు. బోస్నియాక్ ఓటర్లు ఈ జాబితాకు వచ్చారా రాలేదా అన్నదే తేడా.

వేపచెట్టు:
ఒకే ఓటు అయినప్పుడు ఇటు వేస్తే అటు పోయినట్టే కదా. అందరూ ఇటే వస్తే బోస్నియాక్ స్థానం గతేమిటి?

లెక్కలరాజు:
నేను చెప్పబోయేదీ అదే. బోస్నియాక్ స్థానానికి పోటీ గట్టిగా ఉంటే ఎవరూ ఇటు రారు. 2014లో అక్కడ ఇజెత్‌బెగోవిచ్, రాదొంచిచ్ తలపడ్డారు. ఈసారీ అలాగే ఉంటుంది.

తుంగభద్ర:
2010లోనూ వాళ్లిద్దరే, పైగా మూడో మనిషిగా సిలాజిచ్. ముగ్గురికీ పాతిక శాతం పైనే పడ్డాయి. అంత హోరాహోరీ పోరులోనూ కోంషిచ్‌కు 3,37,065 ఓట్లు వచ్చాయి, 60 శాతం పైగా. కాబట్టి అక్కడి పోటీ తీవ్రతకూ ఇక్కడి ఓటుకూ మీరనుకున్న ముడి లేదు. క్రొయేట్ జాబితాలో తమకు నచ్చిన మనిషి ఉంటే వస్తారు, లేకుంటే రారు.

లెక్కలరాజు:
నచ్చిన మనిషి కోంషిచ్. ఆయన లేరు. వారసుణ్ణి చూపించండి, మాట్లాడదాం.

పాత మాస్టారు:
ఇద్దరూ జనాభాను దాటవేస్తున్నారు. ఫెడరేషన్‌లో క్రొయేట్‌లు 4,97,883 మంది, పిల్లలతో కలిపి. అందులో పోలింగుకు వెళ్లేవాళ్లు ఎందరు? క్రొయేట్‌లు ఎక్కువున్న పశ్చిమ హెర్జెగొవీనా అంతా ఒక్క మాట మీద నిలబడ్డా, బోస్నియాక్‌లు ఎక్కువున్న సారాయెవో, తుజ్లా, జెనిత్సా ఓట్ల ముందు ఏపాటి?

గోదారిగట్టు:
హెచ్‌డీజెడ్ ఓడింది క్రొయేట్ ఓట్లు చీలడం వల్ల. ఒక్క అభ్యర్థి నిలబడితే గెలుపు ఖాయం. ఇంత చర్చ అనవసరం.

తుంగభద్ర:
ఈ మాట ఎప్పుడూ ఎవరో ఒకరు అంటారు. చీలిక సిద్ధాంతం 2006కు మాత్రమే సరిపోతుంది. అప్పుడు కోంషిచ్‌కు 39.6 శాతం, హెచ్‌డీజెడ్ యోవిచ్‌కు 26.1, దాన్నుంచి విడిపోయిన హెచ్‌డీజెడ్ 1990 ల్యూబిచ్‌కు 18.2. ఈ రెండూ కలిపితే 44 దాటుతుంది, సరే. 2010లో ఈ రెండు పార్టీల అభ్యర్థులు క్రిష్టో, రగూజ్‌ల ఓట్లు కలిపినా 31 శాతం లేవు. 2018లో చోవిచ్‌కు 36, హెచ్‌డీజెడ్ 1990 జెలెనికాకు 6, కోంషిచ్‌కు 52.6. ఇక 2022లో చీలికే లేదు, బరిలో ఇద్దరే: కోంషిచ్ 2,27,540, బొర్యానా క్రిష్టో 1,80,255. ఓడిపోయింది.

గోదారిగట్టు:
తేడా 47 వేలే కదా. అంటే నేనన్నట్టు దగ్గరికి వచ్చింది.

తుంగభద్ర:
దగ్గరికి రావడం, గెలవడం ఒకటేనా? పది లైన్ల పోస్టు రాస్తే అందులో మీకు కనబడింది ఆ 47 వేలేనా?

వేపచెట్టు:
నెమ్మది, నెమ్మది.

పాత మాస్టారు:
తుంగభద్రగారికి కోపం ఎందుకు వస్తోందో నాకు తెలుసు. కోంషిచ్ గెలవడం ఆమెకు ఇష్టం. అందుకే దాన్ని గణితంలా చెబుతున్నారు.
నాకెందుకు ఇష్టం లేదో చెబుతాను. మా ఊళ్లో సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వు అయింది. మా పెదనాన్న పోటీ చేశారు. పెద్ద కులాల వాళ్లు తమ పొలంలో పనిచేసే మనిషిని నిలబెట్టారు. మా పేట ఓట్లన్నీ పెదనాన్నకే. ఊరి ఓట్లన్నీ అవతలి మనిషికి. ఐదేళ్లూ పంచాయతీ చెక్కుబుక్కు ఆ పెద్దల ఇంట్లోనే ఉంది, మా వీధిలో కాలువ పడలేదు. పదవి మా పేరున, ఎంపిక వాళ్లది. హెర్జెగొవీనా క్రొయేట్‌లు నాలుగుసార్లు చూసింది ఇదే.

లెక్కలరాజు:
నేను అంచనా అడిగాను మాస్టారూ, న్యాయం అడగలేదు.

పాత మాస్టారు:
మీరు అడగలేదు. ఇక్కడ అందరూ వాదిస్తున్నది మాత్రం దాని గురించే.

తుంగభద్ర:
మీ పెదనాన్నగారి విషయంలో జరిగింది అన్యాయమే, కాదనను. కానీ కోంషిచ్ ఎవరి పాలేరూ కాదు. 1990ల యుద్ధంలో బోస్నియా సైన్యంలో పోరాడి అత్యున్నత పతకం స్వర్ణ లిల్లీ పొందిన మనిషి. తాను క్రొయేట్‌నని ప్రకటించుకున్నారు, చట్టం అడిగేది అంతే. హెచ్‌డీజెడ్‌కు ఓటేసినవాడే అసలైన క్రొయేట్ అంటే సారాయెవోలో ఉండే క్రొయేట్ ఎవరు?
అసలు పదవిని జాతికి కట్టడమే తప్పు. దేర్వో సేజ్దిచ్ రోమా, యాకోబ్ ఫింత్సి యూదుడు. ఇద్దరికీ ఈ మండలికి పోటీ చేసే హక్కే లేదు. 2009లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్ష అని తీర్పిచ్చింది. ఇంతవరకూ రాజ్యాంగం మారలేదు. సారాయెవోలో ఉండే సెర్బ్ కూడా సెర్బ్ స్థానానికి నిలబడలేడు. మీరు ఆ తాళాన్ని ఇంకా బిగించమంటున్నారు.

పాత మాస్టారు:
మూడు జాతుల పేరున పదవులున్నంత కాలం ఆ పదవికి ఒక పని ఉంది. ఏదైనా నిర్ణయం తన ప్రాంతపు కీలక ప్రయోజనాలకు హానికరమని సభ్యుడు మూడు రోజుల్లోగా ప్రకటించవచ్చు. క్రొయేట్ సభ్యుడు ప్రకటిస్తే అది ఫెడరేషన్ ప్రజాసభలోని క్రొయేట్ ప్రతినిధుల దగ్గరికి వెళుతుంది. పది రోజుల్లో వాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే ఆ నిర్ణయం చెల్లదు. ఆ ప్రతినిధుల్లో ఎక్కువమంది హెచ్‌డీజెడ్ వైపు. కోంషిచ్ ప్రకటిస్తే వాళ్లు బలపరచరు. వాళ్లకు కావాల్సినప్పుడు ఆయన ప్రకటించరు. అంటే క్రొయేట్‌లకు ఇచ్చిన వీటో తాళం ఒకరి దగ్గర, చెవి మరొకరి దగ్గర. దీన్ని పౌరసమానత్వం అంటారా?

వేపచెట్టు:
ఇది నాకు తెలియదు. మాస్టారి పాయింటు గట్టిదే.

తుంగభద్ర:
గట్టిదే, కానీ ఆ వీటోనే వద్దంటున్నాను నేను.

పాత మాస్టారు:
70 శాతం ఉన్నవాళ్లు వీటో వద్దనడం తేలిక.

లెక్కలరాజు:
మీరిద్దరూ ఎంత పోట్లాడినా ఫలితం మారదు. నా అంచనా సవరించి చెబుతున్నాను. 2022లో ఏకైక అభ్యర్థితో హెచ్‌డీజెడ్ తెచ్చుకున్నది 1,80,000. వలసలు ఆగలేదు కాబట్టి దానికి మించి పెరగదనుకుందాం. క్రొయేట్ జాబితాలో మొత్తం ఓట్లు 3,60,000 దాటితే వాళ్లకు సగం రాదు, ఓడిపోతారు. దాటకపోతే గెలుస్తారు. నేను దాటదంటున్నాను.

తుంగభద్ర:
దాటుతుంది. ఇరవై ఏళ్లుగా అలవాటైన ఓటు అది, ఒక్క మనిషి పేరు మీద నిలబడలేదు.

లెక్కలరాజు:
2014లో ఆ అలవాటు ఎక్కడికి వెళ్లింది?

గోదారిగట్టు:
దాటినా, హెచ్‌డీజెడ్ వ్యతిరేకులు ఇద్దరు నిలబడితే? అప్పుడు సగం అక్కరలేదు, అందరికన్నా ఎక్కువ వస్తే చాలు. రెండో విడత పోలింగు లేదు అక్కడ.

తుంగభద్ర:
ఇద్దరు నిలబడరు.

గోదారిగట్టు:
ఎవరు చెప్పారు మీకు?