డ్యూటీలో చనిపోయిన బాబాయి జ్ఞాపకాలు ఎలా పోగుచేయాలి?

మా బాబాయి ఎస్సై. డ్యూటీలో ఉండగా చనిపోయారు. వచ్చే అక్టోబర్ 21, పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాటికి, ఆయన్ని ఎరిగినవాళ్ళ జ్ఞాపకాలతో ఇంట్లోవాళ్ళ కోసం చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాను. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు ప్రాణాలు వదిలిన రోజది. ఏటా పరేడ్‌లో అమరుల పేర్లు చదువుతారు. పేరూ, హోదా వరకే. మనిషి ఎలాంటివాడో ఇంటివాళ్ళే చెప్పాలి కదా.

ఇబ్బందేంటంటే, ఎవరిని అడిగినా "చాలా మంచివాడు, ధైర్యవంతుడు" అని ఆగిపోతున్నారు. పిన్ని మాత్రం ఓసారి, ఆయన ఇంటికి రాగానే బెల్టు తీసి తలుపు వెనక మేకుకి తగిలించేవారనీ, ఆ బకిల్ చప్పుడు వింటే తప్ప పిల్లలు నిద్రపోయేవారు కాదనీ చెప్పింది. నాకు అలాంటివి కావాలి. మెడల్ సంగతులు ఎలాగూ ఫైళ్ళలో ఉంటాయి.

ఇలాంటి పని చేసినవాళ్ళు కాస్త చెప్పండి. ఏం అడిగితే ఇలాంటి మాటలు బయటికొస్తాయి? పిన్ని ఏడిస్తే రికార్డింగ్ ఆపేయాలా, కాసేపు అలా వదిలేయాలా? ఆయనతో పనిచేసిన కానిస్టేబుళ్ళని కలవడానికి నేరుగా స్టేషన్‌కి వెళ్ళొచ్చా, ముందు ఎవరితోనైనా చెప్పించాలా? ఆయన చనిపోయిన రోజు గురించి, రేపు పిల్లలు చదివే పుస్తకంలో ఎంతవరకు రాయొచ్చన్నది ఇంకో టెన్షన్.