సర్వహక్కులూ రాసిచ్చేశాక రచయితకు ఇంకేమైనా మిగులుతుందా?

కావలి మేనల్లుడు:
మా మేనమామకు 76 ఏళ్లు. కావలి పక్క పల్లెలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. 1999లో ఒక సాంఘిక నాటకం రాశాడు. అప్పట్లో మా వైపు వరి చేలు రొయ్యల గుంటలవుతున్నాయి. పొలాన్ని గుంటకు ఇవ్వనని అడ్డం తిరిగిన రైతు కూతురి కథ. ఒంగోలు వైపు ఒక నాటక సమాజం వాళ్లు 4,000 రూపాయలిచ్చి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని తీసుకుపోయారు. సర్వహక్కులూ ఇచ్చినట్టు కాగితం.

మొన్న సంక్రాంతికి ఎవరో వీడియో పంపారు. నాటకం మొత్తం యూట్యూబ్‌లో ఉంది, మధ్యలో ప్రకటనలు కూడా వస్తున్నాయి. రచన ఎవరిదో ఎక్కడా వేయలేదు. అంతకంటే ఘోరం చివరి రంగం. మామ రాసినదాంట్లో ఆ పిల్ల పొలం గట్టు మీద కూర్చుని కదలనంటుంది, తెర పడుతుంది. వీళ్ల దాంట్లో గుంటల ఆసామి కొడుకుని పెళ్లి చేసుకుంటుంది. అక్షింతలు, డాన్సు. మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. డబ్బులు తీసుకుని రాసిచ్చాక నోరెత్తకూడదని మా నాన్న అంటాడు. మీరేమంటారు?

కందుకూరు హార్మోనియం:
మీ నాన్నగారు చెప్పిందే న్యాయం. ఇల్లు అమ్మినాయన పదేళ్ల తర్వాత వచ్చి గోడకు ఆ రంగెందుకేశావని అడిగితే ఊరుకుంటామా? ముప్పై ఏళ్లుగా పెట్టె వాయిస్తున్నాను, లెక్క చెబుతా వినండి. మొన్న శివరాత్రికి ఒక బేరం 70 వేలకు ఒప్పుకున్నాం. వ్యాను, లైటింగు, మైకు, మేకప్పు పోను, ఆడపాత్రలు వేసే ఇద్దరికీ ముందే చేతిలో పెట్టాలి, లేకపోతే వ్యానెక్కరు. అన్నీ పోగా నాకు వచ్చింది 2,500. తెల్లారేదాకా వాయించినందుకు. ఇందులో రచయిత వాటా ఎక్కడి నుంచి తీయమంటారు?

మార్చడం సంగతి కూడా చెప్పాలి. పద్యనాటకంలో జనం వన్స్‌మోర్ అంటే ఇంకో నాటకంలో పద్యం తెచ్చి పాడతాం. రాగం పావుగంట సాగదీస్తాం. అట్లా మార్చుకుంటూ వచ్చారు కాబట్టే ఆ నాటకాలు ఇంకా బతికున్నాయి. కాగితం పట్టుకుని కూర్చుంటే ఎప్పుడో పోయేవి.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
హార్మోనియం మాస్టారూ, మీ లెక్క నిజమే గానీ ఇంటి పోలిక కుదరదు. ఇల్లు అమ్మితే అమ్మినట్టే. రచనలో రెండు రకాల హక్కులుంటాయి. అచ్చేసుకోవడం, ఆడించడం, వీడియో తీయడం, అనువాదం వంటివి ఆర్థిక హక్కులు. ఇవి అమ్మొచ్చు, అద్దెకివ్వొచ్చు. ఇది నేను రాశానని చెప్పుకోవడం, నా పరువు పోయేలా దాన్ని వంకరలు తిప్పితే ఆపమనడం నైతిక హక్కులు. 57వ సెక్షన్. 1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షన్, గుర్తుపెట్టుకోవడం తేలిక. కాపీరైటు పూర్తిగా అమ్ముకున్న తర్వాత కూడా ఆ హక్కు రచయితకుంటుందని ఆ సెక్షనులోనే రాసి ఉంది.

ఊరికే చెప్పడం లేదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పం ఉండేది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని పీకి స్టోరులో పడేశారు, ముక్కలయింది. చేయించుకుంది ప్రభుత్వం, డబ్బిచ్చింది ప్రభుత్వం. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు శిల్పికి తిరిగివ్వమంది, 5 లక్షలు నష్టపరిహారం కట్టమంది. మా సొమ్ము, మా ఇష్టం అంటే చెల్లలేదు.

తిరుపతి వెంకట కవుల భారత నాటకాల పద్యాలు మీరెన్ని కలుపుకున్నా డబ్బడిగేవాళ్లు లేరు. జంటగా రాసినదానికి చివరగా పోయినాయన నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ జంటలో చివరగా చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, 2010 డిసెంబరుతో గడువు తీరిపోయింది. బతికున్న మాస్టారి నాటకానికి ఆ వాడుక వర్తించదు.

మేనల్లుడూ, ఆ కాగితంలో అక్షరం అక్షరం ఏముందో ఇక్కడ రాయి. ముఖ్యంగా ఎన్నేళ్లకని ఉందా, శాశ్వతంగా అని ఉందా?

నెల్లూరు సౌండ్స్:
ఇదంతా కాదు గానీ, పెళ్లిలో పాటలు పెడితే లైసెన్సు కట్టాలని ఫోన్లు చేస్తున్నారు సారూ. ముందు దాని సంగతి చెప్పండి.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
పెళ్లికి, ఊరేగింపుకి, పెళ్లితో వచ్చే వేడుకలకి అక్కర్లేదు. 52వ సెక్షన్‌లో మినహాయింపుంది. 2023 జులైలో కేంద్రం కూడా పబ్లిక్ నోటీసు ఇచ్చింది, దాని ప్రింటు ఒకటి జేబులో పెట్టుకోండి. డిసెంబరు 31 రాత్రి టికెట్టు పెట్టి చేసే ప్రోగ్రామ్‌కు మాత్రం ఇది పనికిరాదు. ఇక అసలు సంగతికి రండి.

కావలి మేనల్లుడు:
మామ బీరువాలో జిరాక్సు దొరికింది. "ఈ నాటకమును సర్వహక్కులతో మీ సమాజమునకు ఇచ్చితిని. ప్రతిఫలము రూ. 4,000 ముట్టినది." అంతే. తేదీ 1999 ఆగస్టు. ఏళ్ల మాట లేదు, శాశ్వతం అనే మాటా లేదు.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
అయితే కథ మారింది. 19వ సెక్షన్‌లో ఒక ఉపసెక్షన్ ఉంది. 1994 సవరణతో వచ్చింది, అంటే మీ కాగితం రాసేనాటికే అమల్లో ఉంది. హక్కులు రాసిచ్చినప్పుడు గడువు చెప్పకపోతే ఐదేళ్లనే లెక్క. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. ఆ సమాజం హక్కు 2004 ఆగస్టుతో సరి. అప్పటినుంచి ఆ నాటకం మళ్లీ మీ మామదే. నైతిక హక్కు ఎటూ పోలేదు, ఇప్పుడు ఆర్థిక హక్కు కూడా ఆయన చేతిలోనే ఉంది.

అప్పటికి పుట్టని మాధ్యమాలకు పాత కాగితం చెల్లదనే మాట కూడా చట్టంలో ఉంది గానీ, అది 2012 సవరణతో వచ్చింది. 1999 కాగితానికి వర్తిస్తుందా అంటే వాదన పెరుగుతుంది. ఐదేళ్ల మాట ఉండగా ఆ గొడవ మీకెందుకు?

ఇంకొకటి. ఈ కేసుకు ఒంగోలు తిరగక్కర్లేదు. రచయిత ఉండే చోటే వేయొచ్చని 62వ సెక్షన్ చెబుతుంది, అంటే నెల్లూరు జిల్లా కోర్టు.

కందుకూరు హార్మోనియం:
ఒక్క మాట రాయకపోవడం వల్ల పాతికేళ్లు ఆడిన సమాజం దొంగల ముఠా అయిపోయిందా? ఆ కాగితం రాసిన ఇద్దరిలో ఒక్కరికైనా ఈ ఐదేళ్ల సంగతి తెలుసా? మాస్టారు ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదు? తిరునాళ్లలో ఆడుతుంటే ఆయనే ముందు వరుసలో కూర్చుని చూసి ఉంటారు. పైగా గుడి దగ్గర ఆడేదానికి టికెట్టు ఉండదు. దానికి మినహాయింపు ఉందని మా ట్రెజరర్ ఎప్పుడూ చెబుతుంటాడు.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
మీ ట్రెజరర్ సగమే చెప్పాడు. అది అమెచ్యూర్ క్లబ్బులకు. ప్రేక్షకులు డబ్బు కట్టకుండా చూడాలి, లేదా ప్రదర్శన మతసంస్థ సహాయార్థం ఉండాలి. 70 వేలకు బేరం కుదుర్చుకునే సమాజాన్ని అమెచ్యూర్ అనడం కష్టం. ఆ మాటకొస్తే యూట్యూబ్‌లో ప్రకటనలు వేసుకుంటే గుడి ఎక్కడుంది? అయితే ఇన్నాళ్లు ఊరుకున్నారన్న మీ పాయింటు కోర్టులో అవతలి వకీలు తప్పకుండా ఎత్తుతాడు. డబ్బు దగ్గర అది కొంత దెబ్బ తీయొచ్చు. పేరు దగ్గర, మార్చిన ముగింపు దగ్గర అంత పనిచేయదని నా ఉద్దేశం. ఆ ముగింపు ఆయన చూసింది ఈ సంక్రాంతికే కదా.

ఒంగోలు అక్క:
నేను నాటికలు రాస్తాను. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ఉత్తమ రచన షీల్డులు మా ఇంట్లో ఏడున్నాయి, బట్టలు ఆరేసే తాడు ఒక చివర వాటికే కట్టాను. చెక్కు మాత్రం ఒక్కటీ రాలేదు. పరిషత్తుకు పంపేటప్పుడు రచయిత అనుమతి లేఖ అడుగుతారు, సంతోషం. ఆ తర్వాత ఏ ఊళ్లో ఎన్నిసార్లు ఆడారో మనకెవరు చెబుతారు? ఒక్కో సమాజం వెంట ఒక్కో రచయిత తిరగగలడా?

పాటలవాళ్లకు ముంబయిలో ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది, 1969 నుంచి. పాట ఎక్కడ వాడినా వాళ్లు వసూలు చేసి కవికి, స్వరకర్తకు, కంపెనీకి పంచుతారు. 2012 సవరణ తర్వాత సినిమా పాట రాసినాయన థియేటరు బయటి వాడకంలో తన రాయల్టీ వాటా వదులుకుంటానని సంతకం పెట్టినా అది చెల్లదు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూర్చుని దానికోసం గట్టిగా పోరాడారు. రంగస్థల రచయితలకు అలాంటి సొసైటీ ఎందుకు ఉండకూడదు? దరఖాస్తుకు ఏడుగురు చాలు. నెల్లూరు, ప్రకాశం కలిపితే ఏడుగురు రచయితలు దొరకరా? ప్రదర్శనకు 500 పెట్టండి. బేరాన్ని బట్టి పెంచండి. హార్మోనియం అన్నయ్య మజ్జిగ ఖర్చంత.

గూడూరు సందేహం:
వసూలు చేసేది ఎవరు, పంచేది ఎవరు? అక్కడే వస్తుంది చిక్కంతా. పాటల సొసైటీల్లో ఏళ్ల తరబడి కంపెనీలదే పెత్తనం, రాసినవాళ్లకు చిల్లర అనే కదా ఆ సవరణ తెచ్చింది. పాలకవర్గంలో రచయితలు, హక్కుల యజమానులు సమానంగా ఉండాలని అప్పుడే పెట్టారు. 2021 రూల్స్‌లో ఏటా లెక్కలు బయటపెట్టాలన్నారు. కాగితం మీద బాగానే ఉంది. రేపు మన సొసైటీలో ముగ్గురు పెద్ద రచయితలు కూర్చుని, మా నాటకాలే ఎక్కువ ఆడుతున్నాయని పంచుకుంటే? ఏ తిరునాళ్లలో ఏది ఆడారో లెక్క రాసే నాథుడెవరు?

ఒంగోలు అక్క:
నచ్చకపోతే నోటీసిచ్చి బయటికి రావచ్చు. సొసైటీకిచ్చిన అధికారపత్రం వెనక్కి తీసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. రాగానే తినేస్తారని వండటమే మానేస్తామా?

నెల్లూరు సౌండ్స్:
మన బాలు గారి సంగతి మర్చిపోయారా? 2017లో అమెరికా కచేరీల మధ్యలో ఇళయరాజా గారి తరఫున నోటీసు. ఇక ఆ పాటలు పాడలేమని ఆయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ రోజు నెల్లూరులో నాకు తెలిసిన ప్రతి ఆర్కెస్ట్రా వాడూ బాధపడ్డాడు. గొంతు ఆయనది కాదా?

ఒంగోలు అక్క:
గొంతు ఆయనదే, బాణీ ఇంకొకరిది. నాకూ బాధేసింది. కానీ ఆ నోటీసు ఇద్దరు పెద్దల మధ్య లాయరు ఉత్తరంలా వచ్చింది కాబట్టే అంత గుచ్చుకుంది. టూరు పెట్టిన ఆర్గనైజరు ముందే ఒక కౌంటర్‌లో డబ్బు కట్టేసి ఉంటే వాళ్లిద్దరి మధ్య ఆ మాటే వచ్చేది కాదేమో. నేను సొసైటీ అంటున్నది అందుకే.

కందుకూరు హార్మోనియం:
500 అయితే ఇస్తాం లేమ్మా. మజ్జిగ మానేస్తాం. కానీ నాటకానికి ముందు ఫారాలు నింపమంటే మాత్రం మా వల్ల కాదు. ముగింపు మార్చాలంటే ఫోన్ చేసి అడుగుతాం, అది ఒప్పుకుంటున్నాను. పెళ్లితో ముగించడం నాకూ నచ్చలేదు, వీడియో ఇప్పుడే చూశా.

కావలి మేనల్లుడు:
అందరికీ నమస్కారం. మూడు వారాల తర్వాత వస్తున్నాను. కేసు దాకా పోలేదు. ముందు ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నాలుగో రోజున సమాజం మేనేజరు ఫోన్ చేశాడు. కాగితం రాయించుకున్న పెద్దాయన పోయి పదేళ్లయిందట. వీళ్ల చేతికి వచ్చింది జిరాక్సుకు జిరాక్సు. అట్ట లేదు, చివరి ఐదు పేజీలు లేవు. అందుకే పేరు తెలియలేదు, ముగింపు మేమే రాసుకున్నాం అన్నాడు. నిజమో కాదో నాకు తెలియదు. మామ మాత్రం నమ్మాడు. నాన్న నమ్మలేదు, ఇప్పుడు ఆయనే కోర్టుకు పోదామంటున్నాడు!

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
తెలియక చేశామన్నది క్షమాపణకు పనికొస్తుంది. హక్కు మాత్రం దానివల్ల పోదు. ఏం ఒప్పుకున్నారు?

కావలి మేనల్లుడు:
ప్రకటనల డబ్బు ఎంతో లెక్క చూపించి సగం ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. ఇకమీద ఆడాలంటే కొత్త కాగితం. ఈసారి మూడేళ్లకు అని స్పష్టంగా రాశాం, వీడియోకు వేరే పేరా పెట్టాం. అసలు చివరి రంగం మామ మళ్లీ తన చేత్తో రాసిచ్చాడు. పాత ప్రతి ఉన్నా సరే, ఒక డైలాగు మార్చాలట. ఉగాదికి దాంతోనే ఆడతారట. నిన్న రాత్రి వీడియో కింద రచయిత పేరు కూడా పెట్టారు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. మామ పొద్దున్నుంచి నన్ను పిలుస్తూనే ఉన్నాడు, మేనేజరుకు మళ్లీ ఫోన్ చేయాలి.