‘ప్రజా పద్దుల కమిటీ’లో పద్దు అంటే ఏమిటి? రైల్వే వినతిపత్రం కోసం ఒక మాట కావాలి

రాయగడ నుంచి:
అందరికీ నమస్కారం. మా రైలు ప్రయాణికుల తరఫున ఎంపీగారికి ఒక వినతిపత్రం ఒడియాలోనూ తెలుగులోనూ రాస్తున్నాం. ఒడియా ప్రతి అయిపోయింది. తెలుగులో ‘పార్లమెంటరీ స్క్రూటినీ’ దగ్గర ఆగిపోయాం. ‘పరిశీలన’ మరీ మెత్తగా ఉందని కొందరు, ‘తనిఖీ’ అంటే టికెట్లు చూడటమే గుర్తొస్తుందని కొందరు అంటున్నారు. రైల్వే ఖర్చు గురించి, భద్రత గురించి సభ గట్టిగా అడగాలనే అర్థం రావాలి. ఏ మాట వాడమంటారు?

జయపురం నుంచి:
అజమాయిషీ అనండి. ఫారసీ నుంచి వచ్చినా ఎప్పుడో మన మాటైపోయింది. పల్లెల్లో అందరికీ తెలుస్తుంది.

బరంపురం నుంచి:
తెలుస్తుంది కానీ ఇక్కడ నప్పదండీ. అజమాయిషీ చేసేవాడు దగ్గరుండి పని చేయిస్తాడు. పార్లమెంటు రైళ్లు నడపదు, నడిపేవాళ్లను అడుగుతుంది. ఫారసీలో ఆ మాటకు పరీక్ష అనే అర్థం ఉండేది. మన దగ్గర అది పెత్తనం వైపు జరిగింది.

పర్లాకిమిడి నుంచి:
కొత్త మాట వెతకనక్కర్లేదని నా అభిప్రాయం. పబ్లిక్ అకౌంట్స్ కమిటీని తెలుగు పత్రికలు ‘ప్రజా పద్దుల కమిటీ’ అని రాస్తున్నాయి. బడ్జెట్‌లో శాఖలవారీగా అడిగే డిమాండ్లనూ పద్దులనే అంటున్నాయి. చట్టసభల పనికి పెట్టిన తెలుగు పేర్లలో ఇంత బాగా కుదిరినవి నేను చాలా తక్కువ చూశాను.

లెక్క వేరు, పద్దు వేరు. లెక్క అంటే మొత్తం. పద్దు అందులో ఒక్కో పంక్తి: ఏ రోజు, ఎవరి పేరున, దేని నిమిత్తం, ఎంత. మా వైపు దుకాణాల్లో చిట్టా, ఆవర్జా చేత్తో రాసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ రోజు జరిగింది జరిగినట్టు చిట్టాకెక్కుతుంది. తర్వాత ఆవర్జాలో ఎవరి పద్దు కింద వాళ్లది చేరుతుంది. అడుగున మొత్తం సరిపోయినా సరే, ఒకరిది ఇంకొకరి పద్దు కింద పడితే ఆ పుస్తకం తప్పే. మనం కోపంలో ‘లెక్కా పద్దూ లేదు’ అని రెండు మాటలూ కలిపి అనడం ఊరికే కాదు.

రైల్వేకి ఈ మాట ఎందుకు సరిపోతుందంటే, రైల్వే కంపెనీ కాదు, కేంద్రంలో ఒక శాఖ. దాని ఖర్చు ఏటా లోక్‌సభ ముందుకు పద్దుగా రావాల్సిందే. (దాని కింద ఉన్న కంపెనీల సంగతి వేరు, వాటిని ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ చూస్తుంది.) 1924 నుంచి రైల్వేకి విడిగా బడ్జెట్ ఉండేది. 2016 ఫిబ్రవరిలో పెట్టింది ఆఖరిది. 2017-18 నుంచి సాధారణ బడ్జెట్‌లో కలిపేశారు. విడిగా ఉన్న రోజుల్లో మన లైనుకి ఏం ఇచ్చారో ఆ ఒక్క రోజు దేశమంతా వినేది. ఇప్పుడు ఆ రోజు లేదు కాబట్టి కాగితం మీద పద్దు చదివేవాళ్లు ఉండటం మరీ అవసరం.

చర్చలో సభ్యుడు కోత తీర్మానం ఇవ్వొచ్చు. విధానమే తప్పంటే పద్దును ఒక్క రూపాయికి కుదించమని అడుగుతాడు. ఒకానొక ఫిర్యాదు చెప్పాలంటే వంద రూపాయలు తగ్గించమంటాడు. ఆ వంద తగ్గితే రైల్వేకి వచ్చే నష్టమేమీ లేదు, మన ఫిర్యాదు మాత్రం సభ రికార్డుకెక్కుతుంది. అయితే టైం చాలక చాలా శాఖల పద్దులను ఆఖరి రోజున చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు. దాన్నే గిలెటిన్ అంటారు.

అందుకే అసలు పని కమిటీ గదిలో జరుగుతుంది. రైల్వే స్థాయీ సంఘంలో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. రైల్వే బోర్డు అధికారులను కూర్చోబెట్టి పద్దు పద్దుగా అడుగుతారు. ప్రజా పద్దుల కమిటీలో 22 మంది. 1967 నుంచి దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇస్తున్నారు. ప్రభుత్వ ఖర్చును ఆడిట్ చేసే కాగ్ రైల్వే మీద ఇచ్చే నివేదికలు చేరేది వీళ్ల దగ్గరికే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 2017-18లో ‘రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్’ పేరుతో భద్రత కోసం ఐదేళ్లకు లక్ష కోట్ల నిధి పెట్టారు. రైళ్లు పట్టాలు తప్పడం మీద 2022 డిసెంబరులో పార్లమెంటుకు వచ్చిన కాగ్ నివేదిక, ఆ నిధిలోంచి ప్రాధాన్యం లేని వాటికీ ఖర్చు రాశారని చెప్పింది. మొత్తం చూస్తే అదంతా భద్రత ఖర్చే. పద్దులు విప్పితేనే అందులో ఏముందో తెలిసింది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది పోయారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనక నుంచి గుద్దింది రాయగడ పాసింజరే. ఈ రెండు ఊళ్ల మీదుగా రోజూ తిరిగే మనకు ఏ డబ్బు ఏ పద్దు కింద రాశారని అడిగే హక్కు లేదా?

వినతిపత్రంలో నామవాచకం కోసం పాకులాడకండి. ‘రైల్వే ఖర్చును సభ పద్దు పద్దుగా అడగాలి’ అని క్రియతో రాయండి. చదివినవాళ్లకు సూటిగా తగులుతుంది.

కోరాపుట్ నుంచి:
బాగా చెప్పారు గురువుగారూ. కానీ పద్దు అంటే డబ్బు దగ్గరే ఆగిపోతుంది కదండీ. ప్రాణం ఏ పద్దు కింద రాస్తారు? 1956లో మహబూబ్‌నగర్ ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు, నెహ్రూగారు ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరు ప్రమాదం జరిగింది. మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఆమోదించారు. దాన్ని లెక్క అప్పజెప్పడం అనలేం. జవాబుదారీ అనాలి. ఇంకో సంగతి, ప్రమాదాల మీద విచారణ చేసే రైల్వే భద్రతా కమిషనర్లు పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, రైల్వే శాఖ కింద కాదు. నడిపేవాడే తన తప్పు తాను తేల్చుకోకూడదని అలా పెట్టారు. ఇది పద్దులో పట్టే విషయం కాదు.

పర్లాకిమిడి నుంచి:
ఒప్పుకుంటాను. ఖర్చు పేరాలో పద్దు, భద్రత పేరాలో జవాబుదారీ. ఒకే ఇంగ్లీషు మాటకు ప్రతిచోటా ఒకే తెలుగు మాట పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

బరంపురం నుంచి:
అందరూ ‘పరిశీలన’ను పక్కన పెట్టేశారు, దాని తరఫున కూడా ఒక మాట. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ‘పరిశీలిస్తాం’ అంటే ‘ఇక వెళ్లండి’ అని మనకు అర్థమైపోయింది. సభలో మాత్రం దాని బరువు వేరు. హామీగా లెక్కించే వాక్యాల జాబితా లోక్‌సభ దగ్గర ఉంది. ‘విషయం పరిశీలనలో ఉంది’ అన్న వాక్యం అందులో ఉంది. మంత్రి ఆ మాటంటే అది ప్రభుత్వ హామీల కమిటీ దగ్గరికి వెళ్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. కాబట్టి ఎంపీగారిని ప్రశ్న అడగమని వేడుకోవడంతో ఆపకండి. మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అంటే, హామీల కమిటీలో దాని గతి ఏమైందో కూడా కనుక్కోమని రాయండి. నక్షత్రం గుర్తు ప్రశ్న అయితే మంత్రి నోటితోనే చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అవి రోజుకు 20 మాత్రమే. గుర్తు లేని వాటికి రాతపూర్వకంగా జవాబిస్తారు, అవి రోజుకు 230 దాకా తీసుకుంటారు. మనకు అంకెలు కావాలంటే రెండోదే మేలు. రాసిచ్చిన అంకె మీద మళ్లీ అడగొచ్చు.

గుణుపురం నుంచి:
అయ్యా, మా సంగతి కూడా చేర్చండి. గుణుపురం–తేరుబలి కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. సుమారు 74 కిలోమీటర్లు. మా వాళ్లు స్వీట్లు పంచుకున్నారు, మంచిదే. కానీ ఆమోదం వేరు, ఏటేటా పద్దు పడటం వేరు. ఏ పనికి ఆ ఏడు ఎంత కేటాయించారో రైల్వే రాసే పింక్ బుక్‌లో కొన్ని లైన్లకు వెయ్యి రూపాయలు రాసి పేరు మాత్రం బతికించిన సంవత్సరాలు ఉన్నాయి. పద్దు ఉంటుంది, పని ఉండదు. పర్లాకిమిడి వారి ఈ మాట మా వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతోంది.

జయపురం నుంచి:
రాయగడ రైల్వే డివిజన్ కూడా అంతే. పెడతామని 2019 ఫిబ్రవరిలో చెప్పారు, శంకుస్థాపన 2025 జనవరిలో. మధ్యలో ఏ ఏడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, అడగాల్సిందే. సరే, నా అజమాయిషీని వెనక్కి తీసుకుంటున్నాను.

రాయగడ నుంచి:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాం, చూడండి:

‘రైల్వే ఖర్చును సభ పద్దు పద్దుగా అడిగేలా చూడాలి. కూనేరు, కంటకాపల్లి ప్రమాదాల తర్వాత ఈ లైనులో భద్రతకు ఏ పద్దు కింద ఎంత ఖర్చు చేశారో రాతపూర్వకంగా తెప్పించాలి. ప్రయాణికుల ప్రాణాలకు రైల్వే శాఖ పార్లమెంటుకు జవాబుదారీగా ఉండాలి. స్థాయీ సంఘం సిఫారసుల మీద తీసుకోబడిన చర్యల నివేదికను ప్రజలకు తెలియజేయాలి.’

పర్లాకిమిడి నుంచి:
బాగుంది. ‘తీసుకోబడిన చర్యలు’ వద్దు, ‘తీసుకున్న చర్యలు’ అనండి. ఎవరు తీసుకున్నారో కూడా రాయాలి. స్థాయీ సంఘం చెప్పింది ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, సలహా కిందే లెక్క. కానీ ఏది ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో మూడు నెలల్లో చెప్పాలి. అందుకని ఆఖరి వాక్యం ఇలా మార్చండి: ‘స్థాయీ సంఘం సిఫారసుల్లో రైల్వే శాఖ వేటిని ఒప్పుకుంది, వేటిని ఎందుకు కాదంది, మాకు తెలియజేయాలి.’