సద్దుల బతుకమ్మ హాల్ పనులు, లేడీస్ రూమ్‌లో అతికించే చీటీ సంగతి

పూల టీమ్‌కు, హాల్ టీమ్‌కు: తంగేడు పూలు న్యూజెర్సీలో ఎక్కడా దొరకలేదు, బంతి, చామంతి చెప్పేశాం. మలీద, సత్తుపిండి హనుమకొండ వదినలు చూసుకుంటామన్నారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. నేను అడిగేది వేరే.

అమెరికాలో అక్టోబర్ గృహహింసపై అవగాహన నెల అని స్టేజీ మీద పది నిమిషాల స్పీచ్ పెట్టారు కదా, అది తీసేద్దాం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆమె ఆ స్పీచ్‌ని భర్త పక్కన కూర్చునే వినాలి, కళ్లు తుడుచుకుందంటే ఇంటికి పోయాక దానికో గొడవ. ఆమె ఫోన్ ఆయన చూస్తాడు, బ్యాగ్ ఆయన వెతుకుతాడు. ఆమె ఒక్కతే ఉండేది లేడీస్ రూమ్‌లోనే. అక్కడ ప్రతి తలుపుకు లోపలివైపు తెలుగులో ఒక చీటీ అంటిద్దాం: నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు.

"పోలీసులకు చెప్తే నీ వీసా పోతది" అని బెదిరించి నోరు మూయిస్తారు, అందుకే వీసా ముక్క కూడా ఉండాలి. భర్త సిటిజనో గ్రీన్ కార్డో అయితే, ఆడవాళ్లపై హింసను ఆపేందుకు అమెరికాలో వచ్చిన 1994 చట్టం కింద ఆమె ఆయన సంతకం లేకుండా గ్రీన్ కార్డ్ కోసం సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త హెచ్1 ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చిన హెచ్4 వాళ్లకు ఆ దారి లేదు గానీ, దెబ్బలు తిని పోలీసులకు సహకరించిన వాళ్లు నేరాల బాధితుల కోసం 2000లో వచ్చిన యూ వీసా గురించి లాయర్‌ను అడగొచ్చు. మన దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985 నుంచి ఇక్కడే పనిచేస్తున్న మానవి సంస్థ వాళ్లకు చూపించాకే ప్రింట్ చేద్దాం.

పార్కింగ్ టీమ్: అక్కా, పండుగ పూట ఇవన్నీ అవసరమా? మనవాళ్లలో అంత ఉందంటావా?

అన్నా, ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యారని డబ్ల్యూహెచ్ఓ 2021లో చెప్పింది, మన హాల్‌కు వచ్చేవాళ్లు అందులో లేరని ఎట్లా అనుకుంటాం? పోయినేడు ముగ్గు దగ్గర ఒక చెల్లె మోచేతి మీద కమిలిన మచ్చ చూశాను, చేయి జారి పడ్డానంది, నేను ఊరుకున్నాను. ఆ తర్వాత ఆమె మళ్లీ కనిపించలేదు. ఇంక పండుగంటావా, అత్తింటి కష్టాలు మన అమ్మమ్మలు బతుకమ్మ పాటల్లోనే చెప్పుకున్నారు అన్నా.

వరంగల్‌లో ఉన్న అమ్మానాన్నల కోసం కూడా ఒక లైన్ రాస్తున్నా: అక్కడ 181కి ఫోన్ చేయొచ్చు, బాధిత ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌కు పోవచ్చు, మన దేశపు 2005 గృహహింస చట్టం ప్రకారం కొట్టడమే కాదు, తిట్లు, చేతికి డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసే.

ప్రింట్ నాది. టేపు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు శనివారం పొద్దున 9 గంటలకు హాల్ దగ్గరికి రావాలి, ఎవరు వస్తారో ఇక్కడే చెప్పండి.