సొంత జీపీఎస్ ట్రాక్‌ను యాప్ దారిగా లెక్కేయాలా, వద్దా?

కొండమేక:
నెట్ రాని కొండల్లోనే ఎక్కువ తిరుగుతాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసుకునే ఉచిత ప్రపంచ పటం) డేటాతో నడిచే ఆఫ్‌లైన్ యాప్ వాడతాను. ఆరేళ్లలో నడిచిన దారుల్ని ఫోన్ జీపీఎస్‌తో రికార్డు చేసిన ట్రాకులు, అంటే జీపీఎక్స్ ఫైళ్లు, 60 దాకా అందులో పడేశాను. మ్యాప్ మీద రంగురంగుల గీతలుగా బాగానే కనిపిస్తాయి. కానీ ఇక్కణ్ణుంచి అక్కడికి దారి చెప్పమంటే యాప్ వాటి వంక కూడా చూడదు. మొన్న రెండు లోయల మధ్య దారి అడిగితే కొండ చుట్టూ 14 కిలోమీటర్ల మట్టిరోడ్డు చూపించింది. మధ్యలో గట్టు మీదుగా నేను మూడుసార్లు నడిచిన దారి ఉంది, 4 కిలోమీటర్లే. ఆ గీత స్క్రీన్ మీద కళ్లెదుటే ఉంది, అయినా నన్ను చుట్టు తిప్పుతోంది. నా ట్రాకుల్ని కూడా దారులుగా లెక్కేసుకునే ఆప్షన్ యాప్‌లో ఉండాలని నా వాదన. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి.

గీతలమాస్టర్:
వద్దనేవాళ్లలో నేను మొదటివాణ్ణి. యాప్ దారి వెతికేది బొమ్మలో కాదు, కూడళ్లూ వాటిని కలిపే ముక్కలూ ఉన్న ఒక వలలో. మీ ట్రాక్‌లో కూడళ్లు లేవు. వరసగా చుక్కలున్నాయి, అంతే. ఒక్కో చుక్కకి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టైం. మీ గీత రోడ్డును దాటినట్టు కనిపించినంత మాత్రాన అక్కడ రోడ్డెక్కొచ్చని కాదు, మీరు వంతెన కిందనుంచి పోయి ఉండొచ్చు. వాగుకి ఇవతల నడిచిన ట్రాకూ అవతల నడిచిన ట్రాకూ 6 మీటర్ల దూరంలో ఉంటే ఏది ఏ గట్టుదో గీత చూసి చెప్పలేం. ఆకాశం బాగా కనిపించే చోటే మామూలు ఫోన్ 5 మీటర్లు అటూఇటూగా చూపిస్తుంది. ఇరుకు లోయలో సిగ్నల్ రాతిగోడలకి తగిలి వస్తే ఆ తేడా ఎంతకైనా పోవచ్చు.

నిజంగా అక్కడ కాలిబాట ఉంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయండి. 2004 నుంచి జనం చేస్తున్నది అదే. బాట ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, నడవడం ఎంత కష్టమో చెప్పే ట్యాగులు కూడా ఉన్నాయి. యాప్ మ్యాప్ అప్‌డేట్ అయ్యాక మీకూ వస్తుంది, అందరికీ వస్తుంది.

కొండమేక:
మాస్టారూ, గీశాను. ఇప్పటికి డజను బాటలు గీశాను. మిగిలినవి గీయకూడనివి. గడ్డి మీదుగా అడ్డంగా నడిచిన చోట నేల మీద బాటే లేదు. లేనిదాన్ని గీస్తే మీరే వచ్చి చెరిపేస్తారు, చెరపాలి కూడా. ఎండిపోయిన వాగులోంచి నడిచింది ఒకటి. తెలిసినాయన తన తోటలోంచి నన్నొక్కణ్ణే పోనిచ్చింది ఇంకొకటి. దాన్ని ప్రపంచానికి చూపిస్తే మర్నాడే గేటుకి తాళం పడుతుంది. ఇవి నా ఒక్కడికే పనికొచ్చే దారులు. నా ఫోన్‌లో, నా వరకే ఉండనివ్వమంటున్నా.

నత్తనడక:
నడిచిన దారి వేరు, రికార్డయిన గీత వేరు కొండమేక గారూ. నిరుడు ఒక రాతి చరియ కింద వాన తగ్గేదాకా 40 నిమిషాలు కూర్చున్నాను. రికార్డింగ్ ఆపడం మర్చిపోయా. ఇంటికొచ్చి చూస్తే అక్కడ పిల్లి ఆడుకున్న ఉన్ని ఉండలా గీతల ముడి. కూర్చున్న చోటే 1.3 కిలోమీటర్లు నడిచానట! ఒక చుక్కయితే చరియ అంచు దాటి గాల్లో పడింది. ఎత్తు సంగతి ఇంకా ఘోరం, కూర్చున్నవాణ్ణి 90 మీటర్లు పైకెక్కించింది. ఫైల్ తెరిచి, టైం చూసుకుంటూ 11:52 నుంచి 12:31 దాకా ఉన్న చుక్కలన్నీ చేత్తో తీసేశాను. మీ 60 ఫైళ్లలో ఇలాంటి ముడులు ఎన్నున్నాయో ఎప్పుడైనా చూశారా?

పాతపటం:
గీత ఎంత శుభ్రంగా ఉన్నా నాకు భయమే. ట్రాక్‌కి దిశ ఉంటుంది, రోజు ఉంటుంది. గులకరాళ్ల వాలులో జారుకుంటూ పది నిమిషాల్లో దిగిపోతాం. అదే వాలు ఎక్కాలంటే గంట, ఒక్కోసారి అసలు కుదరదు. యాప్‌కి రెండూ ఒకటే గీత. 'ఇక్కడ దిగాను' అని మీకు గుర్తున్నంత కాలం ఫర్వాలేదు. నాలుగేళ్ల తర్వాత, అలిసిపోయి ఉండగా, చీకటి పడే వేళ యాప్ నీలం గీత గీసి 'ఇటు' అంటుంది. అప్పుడది మీ పాత నడకలా అనిపించదు, యాప్‌కి ఏదో తెలిసే చెబుతోందనిపిస్తుంది.

2021లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ సంగతి గుర్తుందా? గూగుల్ మ్యాప్స్ పార్కింగ్ దగ్గర్నుంచి శిఖరానికి చుక్కల గీత చూపిస్తోందని, దాన్ని పట్టుకుపోతే ప్రాణాలకే ముప్పని అక్కడి పర్వతారోహకుల సంఘం హెచ్చరించింది. గీత ఎవరిదైనా సరే, కనిపిస్తే చాలు, కాలు అటే పోతుంది.

దారితప్పినోడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఇది ఇప్పటికే సగం కుదురుతోంది కదా? ఓస్మాండ్ అనే మ్యాప్ యాప్‌లో దారి ప్లాన్ చేసేటప్పుడు కొంత మ్యాప్ బాటల మీదుగా, కొంత తిన్నని గీతలతో కలుపుకోవచ్చు, పాత ట్రాక్‌ను కూడా అందులో అతికించొచ్చు. ముందురోజు రాత్రి కూర్చుని ఒక్క ఫైల్ తయారుచేసుకుంటే కొండ మీద దాన్నే పట్టుకుని నడవొచ్చు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది.

కొండమేక:
అదే చేస్తున్నానండీ. ప్లాన్ ప్రకారం నడిచినంతసేపు హాయి. ఈమధ్య ఒక మధ్యాహ్నం గట్టు మీదుండగా ఉరుములు మొదలయ్యాయి. త్వరగా దిగిపోవాలి. ఆ వైపు నావి మూడు పాత ట్రాకులున్నాయి, ఎటు దిగితే దగ్గర? తడి చేతుల్తో స్క్రీన్ పెద్దది చేస్తే చిన్నదవుతుంది, జరిపితే జరగదు. ఒక్కో గీతనీ వేలితో కొలుచుకుంటూ టెన్షన్‌తో కూర్చున్నా. యాప్‌ని అడిగితే వచ్చిన దారినే 9 కిలోమీటర్లు వెనక్కి పొమ్మంది. ప్లాన్ ఉన్నంతసేపు నాకు యాప్ ఎందుకు, ప్లాన్ తప్పినప్పుడే కదా కావాల్సింది!

టైం అంచనా సంగతి కూడా చూడండి. గంటకి 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడికీ ఇంకో గంట అని స్కాట్లండ్ పర్వతారోహకుడు నెయ్‌స్మిత్ చెప్పిన లెక్క 1892 నాటిది. దాన్నే ఇప్పటికీ చాలామంది పట్టుకుని ఉన్నారు. నేను ఆ వాలు ఎంతసేపట్లో ఎక్కానో నా ట్రాక్‌లో సెకన్లతో సహా ఉంది. యాప్ దాన్నీ పట్టించుకోదు.

గీతలమాస్టర్:
ఉరుముల సంగతి విన్నాక కాస్త మెత్తబడ్డాను. పూర్తిగా కాదు. ఫైళ్లన్నీ గంపగుత్తగా కాకుండా మీరు ఏరి ఇచ్చినవే తీసుకోవాలి. ట్రాక్ ఎక్కడ బాటలో కలుస్తుందో మీరే నొక్కి చెప్పాలి, యాప్ ఊహించకూడదు. 'దిగడానికి మాత్రమే' అని గుర్తుపెట్టే వీలుండాలి, పాతపటం గారు చెప్పింది నిజం. యాప్ చూపించే దారిలో మీ ముక్క వేరే రంగులో, నడిచిన తేదీతో కనిపించాలి. ఇన్ని ఉంటే నాకు అభ్యంతరం లేదు. అయితే చాలా యాప్‌ల మ్యాప్ ఫైళ్లలో ఆ వల ముందే కట్టేసి ఉంటుంది. దానికి ఫోన్‌లో అప్పటికప్పుడు కొత్త ముక్కలు ముడేయడం యాప్ రాసేవాళ్లకి మామూలు తలనొప్పి కాదు. అందుకే ఎవరూ దీని జోలికి ఉత్సాహంగా పోరు.

పాతపటం:
ఉరుముల్లో తేదీ ఎవరు చదువుతారండీ. నాకైతే వద్దు.

కొండమేక:
నేను చదువుతాను, నేను రాసుకున్నదే కాబట్టి. మాస్టారి షరతులన్నిటికీ ఓకే. ఆప్షన్ వచ్చేదాకా చేత్తో ముడేసుకోవడమే కాబట్టి ఈ ఆదివారం ఆ గట్టు దారితో మొదలుపెడుతున్నా. మూడుసార్లు నడిచానుగా, మూడు గీతలున్నాయి, ఒకదానికొకటి 8 మీటర్ల దాకా తేడా. సగటు తీయాలా, ఒకటి ఉంచుకుని మిగతావి పారేయాలా?

గీతలమాస్టర్:
సగటు వద్దు, మలుపులు కోసుకుపోతాయి. చెట్లకి ఆకులు తక్కువున్న కాలంలో నడిచింది ఉంచండి. మబ్బులతో జీపీఎస్‌కి పేచీ లేదు, తడి ఆకులతోనే.

నత్తనడక:
ఉంచుకునేదాంట్లో ఎక్కడైనా కూర్చున్నారేమో ముందు చూసుకోండి. ఆ ముడి తీయకపోతే యాప్ మిమ్మల్ని అదే బండ చుట్టూ పదకొండుసార్లు తిప్పి గానీ వదలదు.