వెనుక నది ఉన్నప్పుడు జెండాల లెక్క

ప్రశ్న: మెమోయిర్ 44 అనే యుద్ధపు బోర్డు ఆటలో 1944 జూన్ 6 నాటి పెగసస్ వంతెన పోరాటం ఆడుతుండగా నా పదాతి దళంపై పాచికల్లో రెండు జెండాలు (వెనక్కి తగ్గమనే గుర్తులు) పడ్డాయి, ఒక్క గడి వెనక్కి తగ్గగానే నది అడ్డు వచ్చింది. రెండో జెండాను వదిలివేయవచ్చునా?

మొదటి జవాబు: వదలరాదండీ. జెండాకొక గడి చొప్పున బోర్డుపై తన వైపు అంచు దిశగా తగ్గాలి. నదిని వంతెన మీదుగా తప్ప దాటరాదు కనుక, తగ్గలేని ప్రతి జెండాకూ ఆ దళంలోని ఒక బొమ్మను తీసివేయాలి.

రెండో జవాబు: అయితే ఇసుక బస్తాల చాటున ఉన్న దళం మొదటి జెండాను పట్టించుకోనక్కరలేదు. అప్పుడు మిగిలిన జెండాకు ఆ ఖాళీ గడి సరిపోతుంది, బొమ్మ పోదు. మేము దీనిని మరచి చాలాసార్లు అనవసరంగా ఓడిపోయాము!

ప్రశ్నించినవారు: దారిలో అడవి ఉంటే ఆగాలా?

మొదటి జవాబిచ్చినవారు: అక్కరలేదు, వెనుదిరిగే దళాన్ని అడవి ఆపదు.